ధరణి మేడం క్లాసు

హలో… సుచిత్రా, నేను. ఆఫీసు ఫోనుకెల్లి… లేదు, ఇంకా బయలెల్లలె. తుర్కపల్లిలనే ఉన్న.

ఏం గాలె… గొంతు మంచిగనే ఉంది.

కొత్తగొచ్చిన ధరణి మేడం లేదా, ఇయ్యాల ఆమె క్లాసుండె… ఆ, నేను చెప్పే సేఫ్టీ క్లాసే. ఆమెతోని చెప్పిచ్చి సూద్దామనుకున్నరు.

ఏం చెప్తది… ఆటలు. అందరికి గ్లౌజులు తొడిగిచ్చి, వాటి మీద ఎర్రరంగు పూసింది. గదే యాసిడ్ అనుకొని గ్లౌజులు ఇడువున్రి అన్నది. చేతికి రంగంటితె ఓడినట్టు…

నవ్వుతున్నవా? వాళ్లు గూడ గిట్లనే నవ్విన్రు.

లె, ఎవ్వరు నిద్రపోలె… డ్రమ్ములు మోసే ఇస్తారి గూడ పోలె. నేను తెర మీద బొమ్మలేసి చెప్తుంటె గుర్రువెట్టెటోడు, ఇయ్యాల రంగంటకుండ వచ్చేదాంక తొడుగుతనే ఉన్నడు, ఇడుస్తనే ఉన్నడు. అయిపోయినంక నా దగ్గరికొచ్చి ఏమన్నడో ఎర్కేనా… "సార్, గీ మేడం క్లాసు మల్లెప్పుడుంటది?"… నన్నడుగుతుండు సుచిత్రా. నన్ను.

కుళ్లా? నాకెందుకు కుళ్లు… ప్లాంటు వెట్టినప్పటిసంది నేను చెప్తున్న. నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల…

సరే… ఉంది. మస్తుంది. సాలా?

గది గాదు అసలు సంగతి. కృష్ణారావు సార్ పిలిచిండు… ఆ, మేనేజరే. "రవీందర్, నువ్వే చెప్పు, ఈ పద్ధతి ఉంచుదామా?" అన్నడు.

… టైం వేస్టన్న.

గంత కోపమొచ్చిందా?

తిట్టు, గని ఫోను వెట్టెయ్యకు.

ఆ… ఎర్కే. పోయినేడు గ్లౌజులు ఇడిసేటప్పుడే యాసిడంటి ఇస్తారి చెయ్యి కాలింది. దవాఖానకు నేనే గదా తోల్కపోయిన…

ఆ. నా క్లాసు ఇన్నంకనే కాలింది.

… లె, నువ్వు తప్పేం అనలె. నువ్వనకున్నా నాకు ఇనవడ్తనే ఉంది.

కృష్ణారావు సారా? ఇంకా ఇంటికి పోలె… ఇప్పుడా? ఏమని చెప్పాలె పోయి? కుళ్లుతోని అన్న, మాఫ్ జెయ్యిమననా?…

సరే. క్లాసు ఆమెకే ఇయ్యమంట… ఇస్తారోల్ల బ్యాచు ఒక్కటే గాదు, అన్ని.

లె లె, గది నాతోని గాదు. సార్‌కు చెప్తగని, ఆమె దగ్గరికి పోయి మెచ్చుకొమ్మంటె మాత్రం… ఇయ్యాలైతె గాదు.

అగో, సారు మెట్లు దిగుతుండు. వెట్టేస్తున్న.