పొగచింత కాడ బుగ్గన్న

రండి రండి, ఈ నాపరాళ్ళ మీద కూసోండి. పగటి వేడి ఇంకా పోలా, కాస్త నీళ్ళు చల్లుకోని కూసోండి. ఈ పొద్దు పొగచింత సంగతి చెప్తా. మన కొండకింద వంక దాటినాక ఎడమపక్క రెండు కొండల సందున ఒక గొంది లోపలికి పోతాది గదా, ఆ గొంది కొసన ఉండాది ఆ చింతమాను. దాని పక్కనే పూడిపోయిన దిగుడుబాయి. మేకలోళ్ళు పట్టపగలు గూడ ఆ పక్కకు మేకల్ని తోలరు. ఒక మేక దారి తప్పి అటు పోయిందంటే, పోతే పోయిందిలే అని ఇంటికొస్తారు గానీ వెతకరు. రాత్రిపూట దెయ్యాల సంగతి ఎవురైనా చెప్తారు. మిట్టమధ్యాన్నం దెయ్యం సంగతి ఎవురన్నా చెప్పినారా మీకు? చెప్పి ఉండరు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, మనిషి నీడ మనిషి కాళ్ళ కిందికే పోయినప్పుడు జరిగిన సంగతి ఇది.

బోయోళ్ళ మద్దిలేటి అని ఉండె. ఆయన నోటితోనే మా నాయన విన్నాడు, మా నాయన నోట నేను విన్నా. సన్నగా, పొడుగ్గా ఉంటాండె. మాట తక్కువ. తుపాకి పట్టినాడంటే మాత్రం గురి తప్పేది ల్యా. ఆ కాలంలో ఇప్పట్లాగ ఫారెస్టోళ్ళ కట్టడి యాడిది? నాటు తుపాకి, ఒక కొమ్ము నిండా తుపాకి మందు, రెండు రొట్టెలు, ఇంతే, నల్లమలలోకి పోతే దుప్పితోనే తిరిగొస్తాండె. వేట నేర్పింది ఎవురనుకుంటిరి? వాళ్ళ మామ బుగ్గన్న, పెండ్లాం ఉసేనమ్మను కన్న తండ్రి.

ఈ బుగ్గన్నకు చుట్ట అంటే ప్రాణం. పొద్దున లేచి మొగం గూడ కడగకుండా చుట్ట ముట్టిస్తాండె. అయినా అడవిలోకి పొయ్యేనాడు మాత్రం పొగాకు ముట్టడు. నోట్లో ఉన్న చుట్టను ఆర్పి, ఇంటి చూరులో చెక్కి, నోరు పుక్కిలించి, అప్పుడు గడప దాటుతాండె. అల్లునికి గూడ అదే చెప్పినాడు. "పొగాకు వాసన దుప్పికి ఆమడ దూరం నుంచి తెలుస్తాది, అదొకటి. చుట్ట కొసన నిప్పుంటాది, నీ చేతిలో మందుంటాది, అది రెండోది. మొదటిదానికి కూడు పోతాది, రెండోదానికి మనిషే పోతాడు." అట్ల చెప్పినాడంట.

అట్ల చెప్పిన మనిషి, ఒక ఎండాకాలం పొద్దున ఒక్కడే వేటకు పోయినాడు. అంతే. మళ్ళీ రాలా. ఊరు ఊరంతా పదకొండు దినాలు వెతికింది. పులి పట్టిందా అంటే నెత్తుటి మరక ల్యా. జారి పడినాడా అంటే చెప్పు గూడ దొరకలా. శవం ల్యాకుంటే దినాలు ఎట్ల చేస్తారు చెప్పండి? ఆయమ్మ గిడ్డమ్మ, బుగ్గన్న పెండ్లాం, ఆమె సంగతి ఇంకా కష్టం. బొట్టు తీసేస్తామా అంటే మొగుడు చచ్చినాడని ఎవురు చెప్పినారు? పెట్టుకుందామా అంటే పెట్టుకున్న ప్రతి పొద్దూ నలుగురూ ఒక తీరుగా చూస్తారు. పెండ్లిండ్లకు పిలవాల్నా వద్దా అని చుట్టాలకు తెలియదు, పోవాల్నా వద్దా అని ఆమెకు తెలియదు. మూడేండ్లు అట్లే గడిచింది. ఆమె మాత్రం ఒక పని మానలా. దినాం సందెవేళకు పొగాకు కాడ తడిపి, చుట్ట చుట్టి, చూరులో అదే చోట చెక్కుతాండె. వచ్చిన మనిషి వెతుక్కోకూడదని. పాత చుట్ట తీసి అల్లునికి ఇస్తాండె. మద్దిలేటి వద్దనలేక తీసుకోని తాగుతాండె. తాగి తాగి, ఆయనకు గూడ అది ల్యాకుంటే చెయ్యాడని అలవాటయింది.

నాలుగో ఏడు వాన పడలా. జొన్న గింజ ల్యా, గొడ్లకు గడ్డి ల్యా. బలుసాకు ఉడకబెట్టుకోని తినిన ఏడు అది. మద్దిలేటి ఇంట్లో ఇద్దరు ఆడబిడ్డలు, చిన్నదానికి పాలు మరిచిన వయసు. ఆకు తిని తిని దానికి కడుపు ఉబ్బింది. ఉసేనమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకోని మొగుని తుపాకి వైపు చూసింది. అంతే ఆమె చేసింది. మద్దిలేటి లేచినాడు. ఆ కొండలో నీళ్ళన్నీ ఎండిపోయినా, ఆ గొందిలో చింతమాను కింద చెలమ ఒకటి తడి ఆరకుండా ఉండాదని ఆయనకు తెలుసు. మిట్టమధ్యాన్నం దప్పికకు తాళలేక దుప్పులు దానికే రావాల. ఇంక యాడికి పోతాయి?

బిరబిర పోయినాడు. వంక దాటినాక తలగుడ్డ సర్దుకుంటే చేతికి తగిలింది, ముందునాటి సందెకు అత్త ఇచ్చిన చుట్ట. ఇంట్లో పెట్టి రావాల్సింది. మరిచినాడు. వెనక్కి పోదామా అంటే పొద్దు నడినెత్తికి వస్తాండాది. పోనీలే, ముట్టిస్తే గదా అనుకున్నాడు. మనిషి అట్లనే అనుకుంటాడు.

చెలమకు ఎదురుగా రెండు బండల సందున పొంచి కూసున్నాడు. తుపాకి దట్టించి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తుపాకులకు గొట్టం పక్కన చెవి అని చిన్న బొక్క ఉంటాది, ఆ చెవికాడ చిటికెడు మందు పొయ్యాల, అప్పుడే పేలేది. ఆ మందు మాత్రం చివర్లో పోస్తారు, ల్యాకుంటే గాలికి పోతాది. కూసున్నాడు, కూసున్నాడు. దుప్పి ల్యా, పిట్ట ల్యా, ఆకు కదలదు. ఆకలికి కండ్లు తిరుగుతాండాయి. గాలి ఎటు ఉండాదో చూద్దాం, ఒక్క దమ్ము, అని తనకు తానే సర్ది చెప్పుకోని చెకుముకి కొట్టి చుట్ట ముట్టించినాడు.

ఇప్పుడు వినండి. పొగ ఎటు పోతాది? పైకి పోతాది, అవునా? ఆ పొగ పైకి పోలా. నోట్లోంచి జారి, రొమ్ము మీదికి దిగి, బండ మీదికి దిగి, వంకలో నీళ్ళు పారినట్ల నేలమీద పారుకుంటా పోయింది. రాయి అడ్డమొస్తే చుట్టు తిరిగింది. గడ్డి దుబ్బు వస్తే సందుల్లోంచి దూరింది. మద్దిలేటి కండ్లు ఆ పొగ వెంట పోయినాయి. అది పోయి పోయి చింతమాను మొదట్లో ఆగింది. ఆడ ఎవురో కూసోని ఉన్నారు. ఈపు ఇటు తిప్పుకోని, మోకాళ్ళు ముడుచుకోని.

ఆ మనిషి తల తిప్పకుండానే గాలి పీల్చినాడు. పీల్చి, "అల్లుడా, ఇది గిడ్డి చుట్టిందే గదా" అన్నాడు.

ఆ గొంతు మద్దిలేటికి తెలియదా? భయం గాదు మొదట వచ్చింది, కండ్లల్లో నీళ్ళు వచ్చినాయంట. "మామా, నువ్వు ఈడనే ఉండావా? ఊరంతా వెతికితిమే" అన్నాడు. లేచి పోబోతే, "ఆడనే ఉండు. నా మొగం చూడాకు. నీళ్ళ యాళయింది, ఊరికే కూసోని చూడు" అన్నాడు బుగ్గన్న.

అప్పుడు వచ్చినాయి దుప్పులు. ఒకటి రెండు గాదు నాయనా. కొండవాలు కొండవాలే కదిలి వచ్చినట్ల వచ్చినాయి. గిట్ట చప్పుడు ల్యా. ఎండుటాకు మీద కాలు పెట్టినా ఆకు నలగలా. చుట్ట వాసన ఘుప్పుమంటాంటే ఒక్కటీ బెదరలా. కొమ్ములవి, కొమ్ముల్లేనివి, తల్లి వెంట పిల్లలు, వరసగా వచ్చి చెలమలో మూతి పెట్టి తాగుతాండాయి, తాగినవి పక్కకు జరిగి ఎనకాలవాటికి తావిస్తాండాయి. ఎంత తాగినా చెలమలో నీళ్ళు తగ్గలా. దుప్పికి ఒంటినిండా తెల్లచుక్కలు ఉంటాయి గదా? వీటికి గూడ ఉండాయి. ఆ తెల్లచుక్కల్లో ఒక్కటి మాత్రం ఎర్రగా ఉండాది. కుంకుమబొట్టు పెట్టినట్ల. ఒకదానికి మెడ మీద, ఒకదానికి జబ్బ మీద, ఒకదానికి డొక్కలో.

మద్దిలేటికి కాసేపటికి అర్థమయింది. ఒంటికొమ్ము పోతు ఒకటి ఆయన ఎదురుగానే నిలబడింది. దాన్ని రెండేండ్ల కిందట ఆయనే కొట్టినాడు, ఎడమ జబ్బ కింద గుండు దూరింది. ఇప్పుడు ఆ ఎడమ జబ్బ కిందనే ఉండాది ఎర్రచుక్క. ఆ పోతు ఆయన్ను చూసింది. కోపంగా చూడలా, బెదిరి చూడలా. సంతలో తెలిసిన మనిషి కనబడితే చూసినట్ల చూసి, నీళ్ళు తాగి పోయింది. బుగ్గన్న ఒళ్ళోంచి ఎండిన పొగాకు రెబ్బ ఏదో తీసి పట్టుకుంటే, అవి ఒక్కొక్కటే వచ్చి ఆయన చేతిలోంచి నమిలి పోతాండాయి. మద్దిలేటి చేతులు వాటంతట అవే జోడించుకున్నాయంట. గుడిలో గూడ ఎప్పుడూ అట్ల నిలబడలా అని ముసలితనంలో చెప్తాండె.

అన్నిటి ఎనకాల ఒక పెంటి దుప్పి వచ్చింది. దాని కాలికింద ఆకు నలిగింది. మూతి చుట్టూ ఈగలు ముసురుతాండాయి. ఒంటి మీద యాడా ఎర్రచుక్క ల్యా. బుగ్గన్న చెప్పినాడు, "అది మీ లోకంది. కొడితే కొట్టుకో అల్లుడా. ఇంట్లో చిన్నదానికి కడుపు ఉబ్బింది గదా. నేను అడ్డం రాను."

ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు? ఇంతసేపు చేతులు జోడించిన మనిషే. అయినా బిడ్డ గుర్తొచ్చింది, ఉసేనమ్మ చూపు గుర్తొచ్చింది. తండ్రికి బిడ్డకన్నా ఎక్కువ ఏముంటాది? తుపాకి ఎత్తినాడు. చెవికాడ మందు పొయ్యాలని నడుముకున్న కొమ్ము తీసి, బిరడా పండ్లతో పట్టి పీకబోయినాడు. పండ్ల సందునే చుట్ట ఉండాది, కొసన కణకణమని నిప్పు ఉండాది. కొమ్ము నిండా మందు. ఆయనకు ఆ ఎరుకే ల్యా, కన్ను దుప్పి మీదనే ఉండాది.

"నోట్లో చుట్ట తియ్యరా!"

కొండ మారుమోగింది. బుగ్గన్న లేచి ఇటు తిరిగినాడు. మద్దిలేటి చూసినాడు ఆ మొగం. సగం బుగ్గన్న మొగమే, ఆ కన్నూ ఆ మీసమూ అవే. మిగతా సగం ల్యా. దవడ కాడ్నుంచి చెవిదాకా కాలి బొగ్గయి ఉండాది. ఆ అరుపుకు బతికిన దుప్పి ఒక్క దూకు దూకి పొదల్లో పడి పోయింది. మిగతావి పరిగెత్తలా, ఎండలో మంచు కరిగినట్ల ఉన్నచోటనే ల్యాకుండా పోయినాయి. మద్దిలేటి చేతిలో కొమ్ము జారి దూరంగా దొర్లింది. చుట్ట నోట్లోంచి తీసి చూసుకున్నాడు. అప్పుడు తెలిసింది ఏం చెయ్యబోయినాడో.

"నేను గూడ అట్లనే చేస్తి" అన్నాడు బుగ్గన్న, మెల్లగా. "ముప్పై ఏండ్లు మీకు బుద్ధి చెప్పి, ఒక్కనాడు మరిచిపోతి. కొమ్ము మొగం మీద పేలింది, ఎగిరి బాయిలో పడితి, గట్టు విరిగి నామీద పడింది. ఇట్ల ఇయ్యి అది." చెయ్యి చాపినాడు. మద్దిలేటి బండ దిగి పోయి, చుట్ట ఆ చేతిలో పెట్టినాడు. చెయ్యి చల్లగా, బాయి అడుగున మట్టి లాగ ఉన్నిందంట. బుగ్గన్న కండ్లు మూసుకోని ఒక్క దమ్ము లాగినాడు. పొగ నోట్లోంచి రాలా, ఆ కాలిన చెంపలోంచి వచ్చింది. "గిడ్డికి చెప్పు. బాయిలో ఉన్నాడని చెప్పు. సందెయితే ఆమె చుట్టే చుట్ట వాసన వస్తాది నాకు, ఇటు ఉండలేను అటు పోలేను. ఇంక చుట్టొద్దని చెప్పు" అన్నాడు. మద్దిలేటి తలూపి, కండ్లు తుడుచుకోని చూస్తే, మాను మొదట్లో చుట్ట ఒక్కటే ఉండాది, కొసదాకా కాలి.

ఉత్తచేతులతో ఇంటికి వచ్చినాడు. ఉసేనమ్మ మొగుని మొగం చూసి బిడ్డను ఎత్తుకోని లోపలికి పోయింది. గిడ్డమ్మ గడపలో కూసోని పొగాకు తడుపుతాండాది. మద్దిలేటి ఆమె కాళ్ళకాడ కూసోని అంతా చెప్పినాడు, ఆ సగం మొగం సంగతి తప్ప. ఆమె ఏడవలా. చేతిలో కాడను అట్లే పట్టుకోని ఒక్కమాట అడిగింది.

"చుట్ట బాగుందన్నాడా నాయనా?"

"బాగుందన్నాడత్తా" అన్నాడు మద్దిలేటి. అది ఒక్కటే ఆయన ఆ పొద్దు ఆడిన అబద్ధం.

ఆమె చేతిలోది చుట్టడం ముగించింది. చూరులో పెట్టలా. తనే ముట్టించుకోని, గడపలో కూసోని, ఊరు చూస్తాంటే కొసదాకా తాగింది. తాగి, నిప్పు ఆర్పి, గాజులు రాతికి కొట్టుకుంది. నాలుగేండ్ల ఏడుపు అప్పుడు ఏడ్చింది.

మరునాడు పొద్దున పదిమంది పారలు పట్టుకోని పోయి బాయి తవ్వినారు. రెండు నిలువుల లోతున తుపాకి గొట్టం దొరికింది, ఎముకలు దొరికినాయి. కొమ్ముకు వేసిన ఇత్తడి పొన్ను దొరికింది, మొగ్గ విచ్చినట్ల విచ్చుకోని. తీసి దినాలు చేసినారు. ఎముకలు తీసిన చోట నీళ్ళు ఊరినాయి. అంత కరువులో గూడ మనుషులెవురూ ఆ నీళ్ళు ముంచుకోలా. అవి ఆ దుప్పుల నీళ్ళని అందరికీ తెలుసు.

చిన్నబిడ్డ ఎట్లనో ఆ కరువు దాటి బతికింది, ఆమెకు మనవలు గూడ ఉండారు. మద్దిలేటి మళ్ళీ తుపాకి పట్టలా, చుట్ట ముట్టలా. ఉన్నన్నాళ్ళూ ఎండాకాలం వస్తే ఒక్కడే పోయి ఆ చెలమలో పూడిక తీసి వస్తాండె. దుప్పులకు ఎవురో ఒకరు చూసుకునేవాళ్ళు కావాల గదా అంటాండె. ఆయన మంచంలోనే సుఖంగా పోయినాడు. ఆ పని ఇప్పుడు ఎవురు చేస్తాండారో నాకు తెలియదు, తెలుసుకోవాలని గూడ ల్యా. చెలమలో మాత్రం పూడిక ఉండదంటారు.

సరే, పొద్దుపోయింది, లేవండి. అవతలి ఊరికి ఆ గొందిలోంచి పోతే రెండు మైళ్ళు కలిసొస్తాదని మీలో కొందరు అనుకుంటాంటారు. కలిసొస్తాది, నిజమే. అయినా అటు పోవాకండి. బస్సు ఉండాది, బస్సెక్కండి.