రికవరీ ఎలా ఉంది?

ఫిల్మ్‌నగర్‌లో ఓ డబ్బింగ్ స్టూడియో బేస్‌మెంటు. పాత ఏసీ ప్లాంటు ముందు ఇద్దరు ఇంజినీర్లు, ఓ పెద్దాయన, ఓ కుర్రాడు, చతికిలబడి కూర్చున్నారు. ప్లాంటులోని గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగే రికవరీ మిషన్ గుర్రుమంటోంది. దాని పిడికి చుట్టిన ప్లాస్టిక్ కూడా ఇంకా ఊడలేదు.

"కొత్తదా అన్నా?"

"కొత్త పెండ్లికొడుకు లెక్క మెరుస్తలేదా? ఇన్నేండ్లు అడిగితే రాలే. మన ఆస్టిన్ పడిపోయినంక తెల్లారేసరికి వచ్చింది."

"మొన్నటిదాకా వాల్వు తిప్పి గాల్లోకి వదిలెయ్యమనేవాళ్లుగా."

"ఆకాశంలకు రికవరీ అని మనమే నవ్వుకుంటుంటిమి. గీ బేస్‌మెంట్ల ఆకాశం యాడిది? గ్యాసంతా గీడనే నిండింది. ఊపిరాడక పడ్డడు."

"మెట్లదాకా పాక్కుంటూ వచ్చాడంట."

"ఆ ముచ్చట వద్దు. ఇంకేదన్న జోకెయ్యి."

"మిషన్‌కి ఆస్టిన్ పేరు పెడదామన్నా."

"పెట్టు. మేనేజరొచ్చి రిబ్బన్ కత్తిరిస్తడు."

అంతలోనే మేనేజర్ ఫోన్. పెద్దాయన చేతులకు నూనె అంటి ఉంది. స్పీకర్ పెట్టమని సైగ చేశాడు.

"రికవరీ ఎలా ఉందయ్యా?"

పెద్దాయన గొంతు మెత్తబడింది. ఈ మనిషి ఆ మాట అడగడం ఇదే మొదలు.

"ఇంక కండ్లు తెరవలే సార్. వెంటిలేటర్ మీదనే ఉన్నడు. భార్య తబిత ఐసీయూ బయటనే కూసున్నది."



"నేనడిగింది గ్యాస్ గురించయ్యా."

పెద్దాయన మిషన్ వైపు చూశాడు.

"అది మంచిగున్నది సార్. జర కూడ పోనిస్తలేం."