గిన్నెలు అక్కకు, చెంచాలు నాకు

"అవ్వా, బీరువాలో ఆ బుల్లి గాజుగిన్నెలేంటివి? బొమ్మలాటవా?"

బొమ్మలాటవి గాదు పాపా, ఉప్పుగిన్నెలు. గిన్నెలు మీ పెద్దవ్వవి, పక్కనుండే వెండి చెంచాలు నావి. ఇప్పుడు అన్నీ ఒగచోటికి చేరినాయిలే. కూర్చో, చెప్తా.

అప్పుడింగా కర్నూలే మనకు రాజధాని. కాదు కాదు, హైదరాబాదు అయినంక... ఏమో, నేను కొత్తగా పులివెందులకు కాపురానికొచ్చిండా, అంతే గ్యాపకం. మా మామకు ఎద్దులబండ్లు ఉండె. జమ్మలమడుగులో ఒక దొరసాని వాళ్ళ దేశానికి పోతాంటే ఆయమ్మ సామాన్లు రైలు కాడికి తోలినాడు. ఆయమ్మ సంతోషపడి ఒక పెట్టె ఇచ్చింది. తెరిస్తే నాలుగు గిన్నెలు, నాలుగు చెంచాలు. మామూలు గాజు గాదు, స్ఫటికమంట. పలకలు పలకలుగా కోసింటారు, ఎండ పడితే గోడంతా రంగులు. చెంచా చూస్తే నా చిటికెనేలంత. ప్రొద్దుటూరు ఆచారి గీటురాయి మింద గీసి "అచ్చ వెండి మామా" అన్యాడు.

అయితే దేనికో ఎవురికీ తెలీదు. చెవిలో గుబిలి తీసుకునేదానికన్యాడు మా మామ. నిజంగానే తీసుకున్యాడు గూడా! నవ్వద్దు పాపా, యాడా అనద్దు. ఆనక దొరసాని కాడ వంట చేసినాయప్ప వచ్చి, అది ఉప్పుకని చెప్పినాడు. ఉప్పు శేరు అణా గూడా లేని కాలం, దానికి వెండి చెంచానా!

మా అత్తకు మాత్రం శానా నచ్చినాయి. ఉప్పు చేత్తో వడ్డిస్తే గొడవలొస్తాయంటారు గదా, ఇంగ మనింట్లో గొడవలే ఉండవనింది. చూడు, గొడవ వాటితోనే వచ్చె.

శానా ఏండ్లకు మా బావా, మీ తాతా వేరుపడినారు. ఎద్దులు, చేను, గంగాళాలు సక్కగా పంచుకున్యారు. ఈ ఉప్పుగిన్నెల కాడికొచ్చేసరికి నాకంటే నాకని నేనూ ఓబులక్కా, ఓబులక్కంటే మా బావ పెండ్లాము, జుట్లు పట్టుకునేదాకా వచ్చినాం. రెండురెండు తీసుకోండంటే వినం. మా అత్తకు రేగింది.

"గిన్నెలు పెద్దదానికి, చెంచాలు చిన్నదానికి, పోండి!"

"ఉత్త చెంచాలు నేనేం చేసుకోవాలత్తా?"

"మీ మామనడుగు, చెప్తాడు."

ఆపొద్దు నుంచి ఓబులక్కకూ నాకూ మాటల్లేవు. నడుమ ఒక గోడ, అంతే. ఆయమ్మ దగ్గితే నాకు వినపడేది.

అట్లుండంగా ఓబులక్క బిడ్డను చూసేదానికి మైదుకూరు నుంచి వస్తాండారు. దూరపు చుట్టాలే, అన్నానికి గూడా ఉంటామన్యారంట. పిల్లకు ఆ పిల్లోడంటే ఇష్టం. గోడవతల ఓబులక్క ఏడ్చుకుంటా బావతో చెప్తాంది, "గిన్నెలుండి చెంచాల్లేకపాయె. ఉప్పు చేత్తో వడ్డిస్తే, ఈపొద్దే గొడవైతే, బిడ్డ గతేంది?"

"పోయి అడుగు" అన్యాడు బావ.

"సచ్చినా అడగను."

నాకు కోపముండ్య, లేదనను. అయితే ఆ పిల్ల నేను జడలేసి పెంచిన పిల్ల. చెంచాలు విభూదితో తళతళ తోమి, కొంగులో పెట్టుకోని పోతి. ఓబులక్క తీసుకునింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. వంటింట్లోనే నిలబడితి.

ఉప్పు సన్నగా దంచింటిమి, చక్కెర మాదిరి ఉంది. పెండ్లికొడుకు నాయనకు ఇంతింత మీసాలు. ఓళిగ, అదే బొబ్బట్టు, వడ్డిస్తానే ఆ గిన్నె, ఆ చెంచా చూసినాడు. అంత సోకుగా పెడితే చక్కెర గాక ఇంకేముంటాదనుకున్యాడేమో, ఓళిగ మింద ఒక చెంచా చల్లినాడు. చెంచా చిన్నదాయె, ఇంగొకటి, ఇంగొకటి. మా బావ "అప్పా, అదీ..." అనేలోపల ముక్క తుంచి నోట్లో పెట్టుకున్యాడు.

ఆయప్ప నిదానంగా నమిలినాడు. కండ్లెంబడి నీళ్ళు. మింగినాడు. మళ్ళా ఇంగో ముక్క! మర్యాద పాపా, మర్యాద. మా బావ చేతులు పట్టుకోబోతే, నీళ్ళు తాగి, మీసాలు తుడుచుకోని అన్యాడు, "ఈ ఇంటి ఉప్పు ఇంత తింటి గదప్పా. ఇంగ సంబంధం కాదంటే నేను మనిషినేనా?"

నాకు నవ్వాగలేదు, కొంగు నోట్లో కుక్కుకుంటి. ఓబులక్క పొయ్యి కాడ కూలబడి ఊగుతాంది. ఏడుస్తాందేమోనని భుజం పట్టుకుంటే, నవ్వు! నన్ను గట్టిగా కరుచుకోని, "మెల్లిగ నవ్వే సచ్చినదానా, వినపడతాది" అనింది. అంతకాలానికి నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

ఇంగేముంది... గిన్నెలు నా చేతిలో పెట్టి ఓబులక్కా పాయ, ఆ మీసాలాయప్పా పాయ... నువ్వు సల్లగుండు పాపా. ఏ ఇంటికి పోయినా, కడుపు పట్టుకోని నవ్వేదానికి పక్కన ఒక మనిషుండాల నీకు, అంతే...