వాకిలి దాటితే అరవం

విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి వెళ్లే బస్సులో ఒకామె, నాలుగు నెలల కిందట పోలండ్‌లో కాపురం పెట్టిన చెల్లెలితో స్పీకర్ ఫోన్‌లో మాట్లాడుతోంది.

“అంగడికి పోతే ఏ బాసలో అడగతావే?”

“అరవంలోనే అక్కా.”

“పోలండ్‌లోనా?”

“ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే అరవం. నోటికి అదే అలవాటు కదా.”

“అంగడామె ఏమీ అనలేదా?”

“మొదట్లో బెదిరింది. ఇప్పుడు వెంగాయం అంటే ఉల్లిగడ్డలు ఎత్తి ఇస్తాది. ‘పోయిట్టు వాంగ’ అని సాగనంపతాది.”

“పాపం. నువ్వు వాళ్ల బాస నేర్సుకోవా?”

“పొద్దేడుండాది అక్కా? ఆదివారం ఆమె మా ఇంటికి బువ్వకి వస్తా ఉండాది.”

“రానీ. దానికేమి?”

“ఇంట్లో అరవం మాట్లాడితే ఊర్లో మన అవ్వ ఒప్పుతాదా? ఆ లోపల ఆమెకి తెలుగు నేర్పాల.”