మొదటి రకం

2009 మాఘమాసం, మిట్టమధ్యాహ్నం. అనకాపల్లి పక్క పల్లెలో సోమన్న బెల్లం పాక. విశాఖపట్నం నుంచి సర్కారు తరఫు లాయరమ్మ పద్మకుమారి సాక్ష్యం రాసుకోడానికి రెండోసారి వచ్చింది. సోమన్న మాత్రం ఆవిడ మొహం చూడకుండా పొయ్యి చూసుకుంటున్నాడు, అక్కడ చూడవలసిందేమీ లేకపోయినా. పెళ్ళాం సీతాలమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఈ ఫొటోలో ఉన్నది మీరేనా కాదా, సోమన్నగారూ?"

"తువ్వాలు నాదేనమ్మా."

"తువ్వాలు సంగతి కాదు. మనిషి?"

"మనిషి కూడా... నాలాగే ఉన్నాడు."

"ఏటయ్యా ఆ ఎకసెక్కం! మెళ్ళో దండేసేరు, పళ్ళన్నీ బైటెట్టి నవ్వేవు. ఈయనే తల్లీ."

"నువ్వుండవే సీతాలూ. మేడమ్‌గారికి మంచినీళ్ళట్టుకురా."

"ఇచ్చేనుగా. రెండుసార్లిచ్చేను."

"సీతాలమ్మగారూ, మీరూ వినండి. ఈ ఫొటో నాకెక్కడ దొరికిందో తెలుసా? కంపెనీ వాళ్ళు మన సర్కారు మీద లండన్‌లో వేసిన కేసు కాగితాల్లో."

"లండన్లోనా? మా ఆయనా?"

"మొన్న మీరు సెప్పేరు గాని మేడమ్, నా బుర్రకెక్కలేదు. మా చెరుక్కి నీళ్ళు పారే గెడ్డలోకి ఉప్పునీళ్ళొదిలింది ఆళ్ళు. కలెక్టరుగారొచ్చి ఆ గొట్టం మూయించేరు. మరింక ఆళ్ళు కేసెయ్యడమేటి?"

"కంపెనీ పై దేశానిది. ఆ దేశమూ మన దేశమూ ఒప్పందం రాసుకున్నాయి. వాళ్ళ పెట్టుబడికి మన సర్కారు అన్యాయంగా నష్టం చేసిందనుకుంటే, వాళ్ళు మన కోర్టుకి రానక్కర్లేదు. ముగ్గురు పెద్దమనుషుల్ని పెట్టుకుని అక్కడే తేల్చుకుంటారు. గెలిచారా, సర్కారు కోట్లు కట్టాలి."

"కట్టలేకపోతే?"

"రాజీకొస్తారు. గొట్టం మళ్ళీ తెరుచుకుంటుంది."

"ఓలమ్మో!"

"అందుకే అడుగుతున్నాను. గొట్టం మూయించడం న్యాయమే అనాలంటే, ఉప్పునీళ్ళకి మీ చెరుకు పాడైందని నేను చూపించాలి. వాళ్ళేమో ఇది చూపిస్తున్నారు. గొట్టం నడిచిన మూడేళ్ళూ ఈ ఊరి బెల్లం మార్కెట్లో మొదటి రకంగానే పోయింది. ఇవిగో చీటీలు. ఇదిగో ఫొటోలో మీ దండ, మీ బెల్లం దిమ్మ."

"ఆ యేడు మేలు బెల్లం అని నాకే బహుమతిచ్చేరమ్మా."

"తెలుసు. మా ఇంట్లోనూ మీ ఊరి బెల్లమే. పచ్చగా ఉందని మా అమ్మ ఏరి మరీ తెచ్చేది, మా పాపకి. చెప్పండి. ఉప్పునీళ్ళు తాగిన చెరుక్కి అంత పచ్చటి బెల్లం ఎలా వచ్చింది?"

"పొయ్యి దిగిపోతంది. సీతాలూ, పిప్పెయ్యే."

"పెనం దించేసి గంటయింది. ఏ పొయ్యయ్యా?"

"సోమన్నగారూ."

"సెప్పుకోలేనమ్మా."

"పోయినసారి బెల్లం నల్లబడిపోయిందని చెప్పి సంతకం పెట్టారు. అబద్ధమా?"

"అబద్దం కాదు! నా బిడ్డల మీదొట్టు. మొదటేడు పెనంలో పాకం సూసి నా గుండె జారిపోయింది. తారు. అచ్చం తారు. దిమ్మ సరిగ్గా కట్టదు, నోట్లో ఏసుకుంటే ఉప్పు. మార్కెట్‌కి తోలుకెళ్తే సత్తియ్య, మా బెల్లం కొనే దళారీ, గోరుతో గీకి సూసేడు. మాటైనా ఆడకుండా పక్కోడి దిమ్మల కాడికెళిపోయేడు. ముప్పయ్యేళ్ళు నా బెల్లం అడిగి మరీ కొన్నోడు! బండి తిప్పుకొచ్చీసేను. ఎవులైనా సూత్తారని దారంతా తువ్వాలు మొహమ్మీదేసుకునే ఉన్నాను."

"తరవాత?"

"తరవాత... పొడేసేను."

"ఏం పొడి?"

"హైడ్రోసు. తెల్లగుంటది. పాకంలో గుప్పెడేత్తే ఎంత నలుపైనా ఇరిగిపోద్ది. ఉప్పు తెలీకుండా పంచదార కలిపేను."

"అది తినేదాంట్లో వెయ్యకూడదని తెలీదా?"

"తెలుసు. బట్టల రంగు తీసే మందని తెలుసు."

"మీరొక్కరేనా?"

"ముందు నేనే. నాది పచ్చగా పోతంటే ఊరోళ్ళందరూ వచ్చి అడిగేరు. ఎంతెయ్యాలో నేనే సూపించేను. సిగ్గుతో సచ్చిపోతన్నానమ్మా. ఆ దండేసిన రోజు నవ్వేను గాని, అక్కణ్ణుంచి ఎప్పుడు పారిపోదునా అనే ఉంది."

"మరి ఇన్నాళ్ళూ దాచారెందుకు?"

"సెప్తే మా ఊరి బెల్లం ఇంకెవుడు ముట్టుకుంటాడు?"

"చెప్పకపోతే గొట్టం తెరుస్తారు. సోమన్నగారూ, గొట్టం తెరిస్తే..."

"తెలుసమ్మా, తెలుసు. రాసుకోండి. పొడేసినోడు సోమన్న అని రాసుకోండి. ఊరోళ్ళ పేర్లొద్దు, నా పేరే ముందెట్టండి. సంతకం ఎడతాను."

"రాస్తాను. కానీ మాట ఒక్కటే చాలదు. అక్కడ వాళ్ళ లాయర్లు నమ్మరు. పొడి వెయ్యని బెల్లం కావాలి, ఆ మూడేళ్ళలోది. పరీక్షకి పంపితే ఉప్పు ఎంతుందో తేలిపోతుంది. ఒక్క దిమ్మైనా ఉందా?"

"లేదమ్మా. అంతా పొడేసే అమ్మేసేం."

"ఉంది."

"సీతాలూ!"

"ఇంట్లో అటక మీద కుండల్లో ఉంది తల్లీ. మూడేళ్ళదీ ఉంది, ఏ యేడుది ఆ యేడే."

"ఒద్దే. ఆ ఒక్కటీ సెప్పకే. నీ కాళ్ళట్టుకుంటాను."

"ఎందుకండీ ఒద్దంటారు? మనకి కావలసింది అదే కదా! సీతాలమ్మగారూ, అమ్మడానికి పనికిరానప్పుడు పొడి వెయ్యకుండా ఎందుకు వండారు?"

"మేం తినడానికమ్మా. ఏటేటా మొదటి పెనం ఈయన పొడెయ్యకుండా దించీవోడు. నల్లగున్నా, ఉప్పగున్నా మా పిల్లలకి అదే ఎట్టేం. అమ్మే బెల్లం మా ఇంట్లో ఎవులమూ నోట్లో ఏసుకోలేదు."