వీపు చూసి మెచ్చుకున్నారు

ఈ వీడ్కోలు సభకి అధ్యక్షత వహిస్తున్న మన థియేటరు డైరెక్టరమ్మ ఒత్తావియా గారికీ, ముందు వరసలో మెత్తటి కుర్చీల్లో కూర్చున్న పెద్దలకీ, నాతోపాటు పై గ్యాలరీ బెంచీల మీద నడుములు పోగొట్టుకున్న స్నేహితులకీ దండాలు. నన్ను రెండు మంచి ముక్కలు చెప్పి దిగమన్నారు. మంచి ముక్కలన్నీ పేపరాయన సిల్వానో గారే రాసేశారు, నాకు కోపమే మిగిలింది. (నవ్వులు)

నవ్వకండి. మన పార్మా ఒపేరాలో ఈ నేవియో ఎన్నేళ్లుగానో పాడుతున్నాడు. లావుగొంతు బారిటోన్ బతుకు తెలిసిందేగా, సన్నగొంతువాడు పిల్లని ప్రేమిస్తాడు, వీడు ఆ పిల్లకి తండ్రై ఏడుస్తాడు. కుర్రతనంలో ఒకసారి పై స్వరం జారితే బాలేదని మేం ఈలలేశాం. వేషం కూడా తియ్యకుండా మెట్లెక్కి మా మీదకొచ్చాడు.

"ఎవడ్రా ఈలేసింది?"

"నేనే. జారింది, వేశా. ఏం?"

పెట్టుడు గడ్డం ఊడి వేలాడుతోంది గానీ వెనక్కి తగ్గితేనా! మర్నాటి ఆటలో ఆ స్వరం మేకు దిగినట్టు దిగింది.

మొన్న చలికాలం ఆటలో, చచ్చిపోయిన కూతురి ముందు మోకరిల్లి, మనకి వీపు తిప్పి, ఆఖరి ముక్క గొణిగినంత మెల్లగా పాడాడు. పైన మా ఆవిడ ఇనెస్ కమలాపండు ఒలుస్తూ ఒలుస్తూ ఆగిపోయింది. అటు తిరిగి పాడినవాడి గొంతు పైకప్పు కింద ముసలిదాని చెవిలో పడిందంటే, అదెలాంటి గొంతో చెప్పండి! సిల్వానో గారేం రాశారు? వీపుతో ఎంత గొప్పగా నటించాడో అని. పేజీ అంతా నటనే. గొంతు మాటే లేదు.

(సిల్వానో గారు: "అయ్యా, నేను పొగిడానండీ!")

పొగిడారు బాబూ, అదే నా మంట! పాటగాణ్ణి పట్టుకుని బాగా నటించాడంటే ఈ ఊళ్లో అర్థమేంటి? గొంతు పోయిందని. డైరెక్టరమ్మ అలాగే చదువుకుంది. వచ్చే ఏటి తండ్రి వేషం ఇంకోడికిచ్చి, వీడి చేతిలో పూలగుత్తి పెట్టింది. ఈ వెర్రివాడేమో ఆ పొగడ్తకి ఫ్రేము కట్టించి వంటింట్లో తగిలించుకున్నాడు! మేం ఈలేస్తే గొంతు బాగుపడింది, మీరు పొగిడితే వేషం ఊడింది.

ఒరేయ్ నేవియో, తల దించుకోకు. ఇంకా పాడాలనుందా, లేదా? మైకివ్వను, అక్కణ్ణించే చెప్పు.

(నేవియో తలెత్తి: "ఉంది లెయార్కో బాబాయ్. ఉంది!")

పైనున్నవాళ్లూ, వినబడిందా? (పైనుంచి కేకలు, బెంచీల చప్పుడు)

డైరెక్టరమ్మా, వాళ్ల సంగతి మీకు తెలుసు. ఆ వేషం వీడికిస్తామనేదాకా మెట్లు దిగరు. నేను మాత్రం దిగిపోతున్నా. ఇంతసేపు నా చేత తిట్లు తిన్న పెద్దలందరికీ దండాలు. నాకు సెలవిప్పించండి. వాడికి మాత్రం ఇవ్వకండి.