నల్లదే కావాలి

అమెరికాలోని మిల్వాకీలో, బరువైన బంతి దొర్లించి కర్రలు పడగొట్టే బౌలింగ్ హాలు పక్కనే, బంతులకు వేళ్ల కన్నాలు తొలిచే కొట్టు. లోపలికొచ్చిన పెద్దాయన తలుపు మూసి మరీ మాట్లాడాడు.

"అమ్మాయ్, కొత్త బంతి కావాలి. పాతదానిలాగే నల్లగా ఉండాలి."

"బరువూ అంతేనా బాబాయ్? పదహారు పౌన్లేగా?"

"పద్నాలుగు. గట్టిగా అనకు! భుజం లేవడం లేదు. మొన్న విసరబోతే బంతికన్నా ముందు నేనే జారాను."

"దానికింత గుట్టెందుకు?"

"మా గురువారం జట్టులో తేలిక బంతి పట్టినవాణ్ణి పాలపీక అంటాం. ఆ పేరు పెట్టిందీ నేనే. జట్టులోని కాజ్‌గాడికి తెలిస్తే చచ్చేదాకా వదలడు."

"సరే, ఈ కన్నాల్లో వేళ్లు పెట్టి చూడు. బొటనవేలు బిగుతుగా ఉందా?"

"బానే ఉంది. కాజ్‌కి మాత్రం..."

"కాజ్ బాబాయ్‌కి కిందటి నెలే పన్నెండు పౌన్లది తొలిచిచ్చాను."

"పన్నెండా!"

"నల్లదే. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. నీ మొహం చూడలేక ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను."

"అమ్మయ్య! పోయిన ప్రాణం తిరిగొచ్చింది. వాణ్ణి చూసే కదమ్మా ఇన్నాళ్లూ ఆ బండ మోశాను!"

"అయితే పద్నాలుగుది తొలిచేయనా?"

"ఆగాగు. నాకూ పన్నెండుదే తొలువు."